ముగ్గులో పడుకున్న మనిషి

మా బావ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం మూటల గదిలోకి అడ్డంగా దూరుతున్నాను. ఆ గది తలుపు సగమే తెరుచుకుంటుంది. లోపల ఉన్న మంచం కోడు దానికి అడ్డం. పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుంటే తప్ప మనిషి పట్టదు. ఇల్లు కట్టినప్పటినుంచీ అలాగే దూరుతున్నాను, దూరిన ప్రతిసారీ ఆ బావనే తిట్టుకుంటున్నాను. ఆ పూట కూడా తిడుతూ ఉండగానే మా ఆయన వచ్చి, "అన్న పోయినాడంట" అని గడప దగ్గర కూలబడ్డాడు. తిట్టు సగంలో ఆగింది. అంతకంటే ఇంకేం జరగలేదు. కళ్ళలో నీళ్ళు రాలేదు, తెచ్చుకోవాలని నేను తంటాలు పడలేదు.

బావ అంటే మా ఆయనకు పెద్దన్న. జమ్మలమడుగులో ఉండేవాడు. మా బంధువుల్లో ఎవరిని అడిగినా ఆయన గురించి మొదట చెప్పే మాట ఒకటే, ముగ్గులో పడుకునేవాడని. పునాదులు తవ్వే ముందు గోడలు ఎక్కడెక్కడ వస్తాయో నేలమీద ముగ్గు పోస్తారు గదా, ఆ గీతల మధ్య ఆయన నిజంగానే పడుకునేవాడు. పులివెందులలో కానీ, ప్రొద్దుటూరులో కానీ, దువ్వూరులో కానీ, మావాళ్ళు ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ముందు ఆయనకు కబురు పోవాలి. ఆయన వచ్చి పడుకొని లేస్తేనే గడ్డపార నేలలో దిగేది. పంచాంగం చూసే అయ్యవారికి కూడా అంత మర్యాద లేదు.

ఆయన ప్లాటులోకి వచ్చే తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఆరడుగులు దాటిన మనిషి. ముగ్గు గీతల బయట చెప్పులు విడిచేవాడు. తలుపు వచ్చేచోట గీత లేకుండా ఖాళీ వదులుతారు, ఆ ఖాళీలోంచే లోపలికి అడుగు పెట్టేవాడు. ఇంకెవరైనా తెలియక గీత దాటారో, అయిపోయారు.

"ఏందిరా అబ్బీ, గోడలోంచి నడుస్తాండావు? దయ్యానివా నువ్వు?"

లేని గోడకు అంత గౌరవం ఇచ్చేవాడు. ముసలివాళ్ళు కూడా ఆయనకు భయపడి, చుట్టూ తిరిగి, లేని తలుపులోంచి లేని హాల్లోకి, అక్కడినుంచి లేని వంటింట్లోకి వరసగా నడిచేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. కొత్త కోడలినని నోట్లో కొంగు కుక్కుకున్నాను.

తర్వాత పడకగదిలో తువ్వాలు పరిచేవాడు. ఇంజనీరు చేతిలోని ప్లాను కాగితం తీసుకొని, చుట్ట చుట్టి, తలకింద పెట్టుకొని వెల్లకిలా పడుకునేవాడు. దాన్ని విప్పి చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. కంప్యూటర్‌లో రంగురంగుల బొమ్మలు గీసి తెచ్చిన కుర్ర ఇంజనీరు తన కష్టం తలగడ అయిపోవడం చూసి గుటకలు మింగేవాడు. బావ కళ్ళు మూసుకునేవాడు. అందరం ఎండలో నిలబడి ఆయన లేని ఇంట్లో నిద్రపోవడం చూసేవాళ్ళం. కాసేపటికి ఒక కన్ను తెరిచేవాడు.

"కాళ్ళు తగులుతాండాయి."

అది తీర్పు. దానిమీద అప్పీలు లేదు. మేస్త్రీ గీతను చెరిపి, ముందుకు జరిపేవాడు. అసలు సంగతేమిటంటే, ముగ్గులో ఏ గదైనా చిన్నదిగానే కనిపిస్తుంది. గోడలు లేచి, పైకప్పు పడితే గానీ దాని అసలు పరిమాణం తెలియదు. ఇది ప్రతి మేస్త్రీకీ తెలుసు. కానీ ఆయన ముందు నోరు విప్పేవాళ్ళు ఎవరు? ఇంటాయన ఏదైనా అనబోతే చాలు, లేచి కూర్చొని పంచె దులుపుకుంటూ అనేవాడు:

"నాకేమప్పా, మీ ఇల్లు, మీ ఇష్టం."

ఈ మాట ఆయన నోట వచ్చిందంటే ఇక ఇష్టం ఆయనదే. ఇది అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా ఇళ్ళలో ఈ రెండిటికీ మధ్య మా బావను కాచుకోవడం అనే మూడోది ఉంది.

ఆయన పడుకొని లేచిన ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పడకగదులు పొడుగు, హాలు కల్యాణ మంటపం, వంటిల్లు అగ్గిపెట్టె. పులివెందులలో మా ఆడబిడ్డ వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటే, ఒకరు బయటికి వచ్చాకే రెండోవాళ్ళు వెనక్కి తిరగాలి. పోపు వేస్తే ఆవాలు ఎగిరి వెనక గోడకు తగులుతాయి. ఎందుకంటే ఆయన కొలత పడుకున్న మనిషి కొలత. నిలబడి పనిచేసే మనిషికి ఆయన దగ్గర కొలతే లేదు. ఆ ఇంటి ముగ్గు రోజున నేనే అడిగాను.

"బావా, వంటింట్లో పండుకోవా?"

"వంటింట్లో ఎవురు పండుకుంటారమ్మా?" అని నవ్వాడు.

"పండుకోరు, నిలబడతారు. ఒక పూట నిలబడి సూడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు వంచుకొని నవ్వారు. ఆయన నవ్వు మాత్రం ఆగిపోయింది. "నాకేమమ్మా" అని మొదలుపెట్టాడు. మిగతాది మీకు తెలుసు.

ఆ రోజే భోజనాల దగ్గర తన పడక కథ చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ళది ఒంటి మిద్దె. అమ్మానాన్నా, పిల్లలూ, ఎనుము దూడా అందరూ అందులోనే. ఈయన పొడుగు పెరిగిపోయాడు, చోటు పెరగలేదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని పడుకోవాలి, నిద్రలో కాలు చాపితే తండ్రి నడుముకు తగిలి దెబ్బలు పడేవి. "కాళ్ళు ముడుచుకోని పండుకునే బతుకు మనోళ్ళు ఎవురికీ ఉండగూడదప్పా" అన్నాడు. మా ఆడబిడ్డ ముక్కు చీదింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఆ పూట ఆయన మీద కోపం కాస్త తగ్గింది. తగ్గనిచ్చినందుకు తర్వాత చాలా వగచాను.

ఎందుకంటే తర్వాతి వంతు మాది. ప్రొద్దుటూరులో బైపాస్ అవతల ప్లాటు కొన్నాం. ఆ ఇంట్లో నేను కోరుకున్నది ఒకే ఒక్కటి, కింద వంటింటి పక్కన మా అమ్మకు ఒక గది. మా నాన్న పోయాక అమ్మ వేములలో ఒక్కతే ఉంటోంది. నేను తప్ప ఆమెకు ఎవరూ లేరు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకసారి దొడ్లో జారిపడి, పక్కింటివాళ్ళు చూసేదాకా లేవలేకపోయింది. కూతురింట్లో ఉంటే నలుగురూ నవ్వుతారని ఆమె మొండిపట్టు. ఏడాది పొడుగునా బతిమాలితే చివరికి మెత్తబడింది.

"సరేలే పాపా, వస్తా. నా మంచమూ నా పెట్టే పడితే సాలు. ఒక కిటికీ పెట్టించు."

ఆ మాట అన్నరోజు నేను పిచ్చిదానిలా సంతోషపడ్డాను. కిటికీ ఎక్కడ రావాలో, పెట్టె ఏ మూలన పెట్టాలో ఇంజనీరుతో పదిసార్లు గీయించాను. ముగ్గు పోసే రోజు అమ్మను వేముల నుంచి పిలిపించాను. తన గదిని తాను చూసుకోవాలని నా ముచ్చట. ఆ ముచ్చటే కొంప ముంచింది.

బావ వచ్చాడు, చెప్పులు విడిచాడు, లేని తలుపులోంచి లోపలికి నడిచాడు. మా పడకగదిలో పడుకున్నాడు, ఒక గీత జరిపించాడు. పిల్లల గదిలో పడుకున్నాడు, ఇంకో గీత జరిపించాడు. హాల్లో నిలబడి నాలుగు వైపులా చూసి, "నలుగురు వచ్చిపోయే ఇల్లు, హాలు సాలదు" అన్నాడు. తర్వాత వంటింటి పక్క గది దగ్గర ఆగాడు.

"ఇదేంది?"

"మా అమ్మకు బావా" అన్నాను.

ఆయన పడుకోలేదు. ఆ గదిలో పడుకోవాలని ఆయనకు తోచలేదు. ఒక మూల నిలబడి ఉన్న మా అమ్మను పైనుంచి కిందికి చూశాడు. మా అమ్మ పొట్టి మనిషి.

"అత్తా, ఇట్లరా. ఒకసారి పండుకో, సూస్తాం."

మేస్త్రీ, కూలీలు, ఇంజనీరు, మా మరుదులు, పక్క ప్లాటువాళ్ళు, అందరూ ఉన్నారు. అమ్మ నా వైపు చూసింది. "బావా, టేపుతో కొలిస్తే సాలదా?" అన్నాను. ఆయన నా మాట విన్నట్టే లేడు. "పండుకో అత్తా, సిగ్గేముండాది, మనోళ్ళే గదా అందరూ" అన్నాడు. తువ్వాలు కూడా పరచలేదు.

కూతురి అత్తింటివాళ్ళు చెప్తే కాదనడం మా అమ్మకు తెలియదు. చేతులు నేలకు ఆనించి, మోకాలు నొప్పికి పళ్ళు బిగబట్టి, కూర్చుంది. తర్వాత ఒత్తిగిలి, వెల్లకిలా పడుకుంది. చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కొని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"కాళ్ళు సాపు అత్తా. సాపితేనే గదా తెలిసేది."

అమ్మ కాళ్ళు చాపింది. పైన ఎండ, కళ్ళు మూసుకుంది. అంతమంది మగవాళ్ళ మధ్య రాళ్ళ నేలమీద మా అమ్మ అలా పడుకొని ఉంటే నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆయన నిదానంగా నడిచి, ఆమె పాదాల దగ్గర ఆగి, కాలి మడమతో నేలమీద ఒక గీత గీశాడు. పాదాలకు తగిలీ తగలనట్టు. జానెడు కూడా వదల్లేదు.

"ఇంత మనిషికి అంత రూమేంటికి? ఈడికి గోడ. మిగిలింది హాల్లోకి కలుపు మస్తానూ."

అని మేస్త్రీకి చెప్పి, పాత గోడ గీతను అదే మడమతో చెరిపేశాడు. ఇంకొకడు కాలు పెడితే దయ్యానివా అని అడిగే మనిషి.

"బావా, ఆ గీత యాడుండాదో ఆడనే ఉండాల" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను.

"నాకేమమ్మా" అన్నాడు బావ, చెప్పులు తొడుక్కుంటూ, "మీ ఇల్లు, మీ ఇష్టం."

అమ్మను నేను చెయ్యిచ్చి లేపాను. నీలం చీర వెనకంతా సున్నం అంటుకుంది. దులపబోతే వద్దంది. "సాల్లే నాయనా, సరిపోతాది" అని ఆయనతోనే అంది. కోపం కాదు, ఏడుపు కాదు, బజారులో బేరం కుదిరిన మనిషిలా అంది.

ఆయన పోయాక మేస్త్రీ మస్తాన్‌ను నిలబెట్టి పాత గీత మళ్ళీ పోయించాను. అతను వెనకాముందాడితే సున్నం నేనే తీసుకొని పోశాను. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే పునాది కాలువ ఆయన గీతమీదే తవ్వి ఉంది. మస్తాన్ తల గోక్కున్నాడు.

"పెద్దాయన ఫోన్ చేసినాడు మేడమ్. మీ వాళ్ళ ఇండ్లన్నీ ఆయన చెప్తేనే గదా నాకొచ్చేది. మీరూ మీరూ మాట్లాడుకోండి."

మా ఆయనతో మాట్లాడాను. మాట్లాడటం అంటే అరిచాను. "ఒక గోడ కోసరం అన్నతో కొట్లాడమంటావా?" అన్నాడు. గోడ కోసం కాదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. అర్థం కాకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు కూడా.

ఇల్లు లేచింది. అమ్మ కోసం మంచం కొన్నాం. అప్పుడు బయటపడింది మహానుభావుడి లెక్క. ఊరందరి ఇళ్ళలో పడుకొని కొలిచిన మనిషికి, మంచం అనేది మనిషికంటే పొడుగుంటుందన్న సంగతి మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి గుర్తురాలేదు. ఇంకెవరి గదిలోనైనా తన పొడుగు కొలిచేవాడు, దాంట్లో మంచమూ బీరువా సులువుగా సర్దుకునేవి. మా అమ్మకు మా అమ్మనే కొలిచాడు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంది. పెట్టెకు చోటే లేదు. ఆ సంగతి ఆయనకు చెప్తే, "సాప ఏసుకోండి, మంచమేంటికి?" అన్నాడు.

గృహప్రవేశానికి అమ్మ వచ్చింది. కొత్త చీర పెట్టింది, అన్నం తిని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ గదివైపు కన్నెత్తి చూడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఒకటే పాట: ఎనుము ఈనబోతోంది, చేనుకు నీళ్ళు కట్టాలి, పక్కింటామెకు బాగాలేదు. మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. మంచం మీదికి బియ్యం మూటలు ఎక్కాయి. వేములలో రాత్రిపూట ఆమెకు ఏమైనా అయితే ఎవరు చూస్తారన్న బెంగ మాత్రం నా పక్కలోనే పడుకుంటోంది.

ఆయన ఒంటి మిద్దె కథ తలుచుకొని నాకు జాలి కలగాలని మా ఆయన ఆశ. కలగదు. కాళ్ళు ముడుచుకొని పడుకున్నవాడికి ఆ బాధ తెలుసు. తెలిసీ ఇంకొకరి పాదాల దగ్గర గీత గీశాడంటే, తెలియనివాడికంటే ఎక్కువ తప్పు.

కబురు వచ్చిన రోజు మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరాం. శవం హాల్లో ఉంది. ఆయన హాలు మరి, ఊరంతా పట్టింది. చచ్చినోడి కళ్ళు చారెడు అన్నట్టు, ఒక్కొక్కరూ ఆయన గొప్పలు చెప్పి ఏడుస్తున్నారు. ఆయన పడుకోని ఇల్లు ఇల్లే కాదంట. ఆయన పడుకున్న ఇంట్లో రోగం రాలేదంట. మా ఆడబిడ్డ కూడా ఏడుస్తోంది, అగ్గిపెట్టె వంటిల్లు మరిచిపోయి. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. కబురు తెలిసి కాసేపటికి అమ్మ కూడా వేముల నుంచి వచ్చి ఒక మూల కూర్చుంది. వియ్యాలవారింట చావుకు రాకపోతే మర్యాద కాదని, ఆ మోకాళ్ళతో బస్సులు మారి వచ్చింది.

మా వైపు పూడుస్తారు. గుంత తీసేవాళ్ళ దగ్గరినుంచి ఒక మనిషి వచ్చి, చేతిలో నులకతాడు పట్టుకొని, వాకిట్లో నిలబడ్డాడు.

"అప్పా, కొల్త గావాల. మనిషి పొడుగు జాస్తి అంటాండారు. గుంత సాలకపోతే మళ్ళీ ఇబ్బంది."

బావ పెద్దకొడుకు తాడు తీసుకొని శవం దగ్గర వంగాడు. తాడు పట్టుకొనే బోరుమన్నాడు. మా ఆయన ముఖం తిప్పుకున్నాడు. బతికి ఉన్నన్నాళ్ళూ ఎక్కడ పడితే అక్కడ పడుకొని కొలత ఇచ్చిన మనిషిని ఇప్పుడు కొలవడానికి ఒక్క మగవాడు ముందుకు రాలేదు.

"ఇట్లియ్యి నాయనా" అంది మా అమ్మ.

గోడ పట్టుకొని లేచి, నిదానంగా వచ్చింది. తాడు తీసుకొని, ఒక కొస నా చేతికిచ్చింది. "తల కాడ పట్టుకో పాపా." నాకు ఇష్టం లేదు. కానీ అంతమందిలో అమ్మ మాట కాదనలేక, ఆయన తల పక్కన కూర్చొని తాడు కొస పట్టుకున్నాను. అమ్మ తాడును సాగదీసుకుంటూ కాళ్ళ వైపు నడిచింది. మోకాళ్ళు మడవడానికి ఆమె పడే పాటు నాకు కనిపిస్తూనే ఉంది. కూర్చుంది. దారంతో కట్టిన ఆయన బొటనవేళ్ళ దగ్గర తాడు పట్టుకుంది.

అక్కడే ముడి వేస్తుందేమో, వెయ్యాలి, అనుకున్నాను. పాదాలకు తగిలీ తగలనట్టు. నా చేతిలో ఉంటే అక్కడికి కూడా రానిచ్చేదాన్ని కాదు.

అమ్మ చెయ్యి చాపి, తాడుమీద ఒక జాన కొలిచింది. కాస్త ఆలోచించి, ఇంకో జాన కొలిచింది. అక్కడ ముడి వేసి, తాడు ఆ మనిషికి ఇచ్చింది.

"ఇంత తీయండప్పా. కాళ్ళు తగలగూడదు ఆయనకు."

హాల్లో ఏడుపులు ఒక్కసారి పెరిగాయి. ఎంత మంచి మనసమ్మా అన్నారెవరో. నాకు మాత్రం లేచి ఆ శవాన్ని పట్టుకొని కుదిపి, చూశావా, ఇదీ కొలవడమంటే, అని అరవాలనిపించింది. అరవలేదు. ఆయన ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది, కొత్త పడకగదిలో గీత జరిపించుకున్న రోజుల్లో ఉన్నట్టే.

అంతా అయ్యాక అమ్మతో బస్టాండుకు నడిచాను. ఎర్రగుంట్ల వైపు పోయే సిమెంటు లారీల దుమ్ములో ఇద్దరం ఒక బెంచీమీద కూర్చున్నాం. నాకు మంట ఆగలేదు.

"నిన్ను నేలమీద పండబెట్టి కొలిచినోడికి రెండు జానలు ఎక్కువిస్తావా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మనిషిని కొలిచినప్పుడు కొంచెం ఎక్కువే ఇడ్సాల పాపా. ఆయనకు ఆ పొద్దు తోసలేదు."

"అయితే నాతో రా. ఆ గోడ రేపే పగలగొట్టిస్తా. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళు ఎవురూ లేరు. నీ మంచమూ పడతాది, పెట్టే పడతాది, అంతా నువ్వు చెప్పినట్లే."

ఆమె పోయే లారీలను చూస్తూ మోకాళ్ళు రుద్దుకుంది. నేను ఆశపడ్డాను. ఆ కాసేపట్లోనే మూటలు దించేశాను, గోడకు సున్నం వేయించాను, కిటికీకి పరదా కూడా కట్టేశాను.

"గోడ యాడికి జరిపితే ఏముండాది పాపా" అంది అమ్మ. "అంతమంది ముందర నేను పండుకున్న తావు అదే గదా."

పులివెందుల బస్సు వచ్చింది. అక్కడ దిగి వేములకు ఇంకో బస్సు మారాలి. చెయ్యిచ్చి ఎక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సీటు ముందు ఎవరిదో మూట అడ్డం ఉంది. తీయమని అడగమ్మా అని కిందనుంచి చెప్పాను. పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి, కాళ్ళు పైకి తీసుకొని, ముడుచుకొని కూర్చుంది.